అచ్చు వదిలిన పువ్వు

డిసెంబరు 24 రాత్రి బళ్లారి కౌల్ బజారులో మా ఎదురింటి వంటింట్లోంచి ఒక చప్పుడు వచ్చేది. దోసె పోసినప్పటి సుయ్ కాదది. బజ్జీలు వేసినప్పటి సలసల అంతకన్నా కాదు. ముందొక బుస. ఆ వెంటనే ఎవరో దూరాన గజ్జెలు విదిలించినట్టు సన్నటి గలగల. ఆ గలగల తగ్గుతూ తగ్గుతూ ఉండగా బాణలి అంచుకు కడ్డీ తగిలి 'టక్'. అంటే ఒక పువ్వు దిగింది. మా అరుగు మీద కూచుని ఆ టక్‌లు లెక్కపెట్టేవాణ్ణి. ఇరవై దాకా ఓపిక పట్టి, ఇక ఆగలేక రోడ్డు దాటేవాణ్ణి.

మేం కిరస్తానీలం కాదు. ధనుర్మాసం కదా, మా అమ్మ ఆ వేళకు తెల్లారి ముగ్గుకు అన్నీ సిద్ధం చేసుకుని పడుకునేది. ఎదురింటావిడను నేను అత్తా అనేవాణ్ణి, ఆమె నన్ను అబ్బోడా అనేది. క్రిస్మస్ ముందు రాత్రి అంటే నాకు ఆ వంటిల్లే. అరవై దగ్గర పడుతున్న ఈ వయసులో, పత్రికలన్నీ డిసెంబరు రాగానే ప్లమ్ కేకు బొమ్మ వేసి 'క్రిస్మస్ రుచులు' అని రాసి ఊరుకుంటుంటే కడుపు మండి ఇది రాస్తున్నాను. కేకు మీద నాకు పగ లేదు. కొంచెం ఉంది, ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఆ చప్పుడుతో దిగే పిండివంట పేరు గులాబీ పువ్వు. దాన్ని చూడనివాళ్లు తెలుగునాట తక్కువే. అరచేయంత వలయం, లోపల మరో వలయం, రెంటినీ కలుపుతూ రేకులు, మధ్యమధ్య కిటికీల్లా ఖాళీలు. నోట్లో వేసుకుంటే గాజు పగిలినట్టు పగిలి, కొబ్బరిపాల కమ్మదనం మిగిల్చి పోతుంది. చూడ్డానికి సులువు. చేసి చూడండి, తెలుస్తుంది.

కష్టమంతా బియ్యం దగ్గర్నుంచే మొదలు. సిరుగుప్ప వైపు సన్నబియ్యం మూడు నాలుగు గంటలు నానేసి, నీళ్లు వంచేసి, పాత పంచె మీద నీడలో ఆరబోసేది అత్త. పిడికెడు పట్టి వదిలితే అరచేతికి నాలుగు గింజలు అంటుకోవాలి. ఆ తడి ఉండగానే మిషనుకు పరుగెత్తి పిండి పట్టించాలి. ఆ పరుగు నాది. పొడి బియ్యం ఆడిస్తే పువ్వు రాయి అవుతుంది. రెండు పాళ్లు ఈ పిండికి ఒక పాలు మైదా. మైదా పట్టు కోసం, అంతే. ఎక్కువైతే తెల్లారేసరికి పువ్వు మెత్తబడి వంగిపోతుంది. కిలో పిండికి పావుకిలో చక్కెర. చక్కెర పెరిగితే లోపల వేగకముందే పైన ఎర్రబడి మోసం చేస్తుంది. గుడ్లు రెండో మూడో, పువ్వు గోడ నిలబడ్డానికి. చిటికెడు ఉప్పు, యాలకుల పొడి, గుప్పెడు నల్ల నువ్వులు. తడిపేది మాత్రం కొబ్బరిపాలతోనే. ఆవుపాలతో చేసేవాళ్లున్నారు, నీళ్లతో చేసేవాళ్లూ ఉన్నారు. దేవుడు వాళ్లను క్షమిస్తాడేమో, అత్త క్షమించేది కాదు. బళ్లారి కొబ్బరిసీమ కాదు, కాయలు తుమకూరు, తిపటూరు వైపు నుంచి రావాలి. అయినా ఆ ఒక్క రాత్రికి కాయ ధర ఎంతని ఆమె అడగ్గా నేను వినలేదు.

పిండి జారు ఎంతుండాలో మాటల్లో చెప్పడం కష్టం. దోసెపిండి కంటే పలచన, మజ్జిగ కంటే చిక్కన. గరిటె ముంచి తీసి వెనకవైపు వేలితో గీత గీస్తే ఆ గీత కలిసిపోకూడదు. ఇంకో సంగతి. బియ్యప్పిండి ఊరుకోదు, అడుక్కు దిగిపోతూ ఉంటుంది. ప్రతి పువ్వుకూ ముందు గిన్నె అడుగు నుంచి ఒకసారి కలపాలి. ఈ ఒక్క పని బద్ధకించిన చోటే సగం మంది చెడతారు. పైన నీళ్లలాంటి పిండి పువ్వుకు పట్టదు, చివర్లో మిగిలిన ముద్ద అచ్చును వదలదు.

ఇక అచ్చు. అత్త అచ్చు పోత ఇనుముది. కడ్డీ మూరెడు, చివర పువ్వు, చేతిలో పట్టుకుంటే మణికట్టు కిందికి వంగేంత బరువు. ఆ బరువే దాని గొప్ప. మందపు ఇనుము వేడిని పట్టుకుని కూచుంటుంది, చల్లటి పిండిలో ముంచినా చప్పున చల్లారదు. ముందు అచ్చును నూనెలో ముంచి ఉంచాలి, నూనెతో సమానంగా కాగాలి. బయటికి తీసి, కారే చుక్కలు బాణలి అంచున విదిలించి, పిండిలో ముంచాలి. చుక్కలు విదిలించకుండా ముంచితే పిండి మీద నూనె తేలి ఆ తర్వాతి పువ్వులకు అంటు తప్పుతుంది. ఎంత ముంచాలి? మూడొంతులు. అచ్చు పై అంచు మునగరాదు. మునిగిందా, పిండి టోపీలా పైకెక్కి అచ్చును కౌగిలించుకుంటుంది. ఇక పువ్వు ఆ జన్మకు దిగదు.

వేడి చాలకపోతే పిండి అచ్చుకు పట్టదు, జారిపోతుంది. వేడి ఎక్కువైతే గిన్నెలో ముంచగానే అక్కడే ఉడికి ముద్దలుగా ఊడి పడుతుంది. ఈ రెంటికీ నడుమ ఒక సందుంది. ఆ సందులో అచ్చుకు తగిలిన పిండి తగిలిన చోటే పలచటి పొరగా గట్టిపడి పట్టుకుంటుంది. దాన్ని మళ్లీ నూనెలోకి దించితే పిండిలోని తడి ఆవిరై బయటికి తన్నుకొస్తుంది. ఆ తన్నుకే పొర ఇనుమును విడిచిపెడుతుంది. మనిషి చెయ్యాల్సింది కొంచెం ఆగి, కడ్డీని అటూ ఇటూ ఒకసారి కదపడం. అంతే. పువ్వు తనంతట తాను జారి నూనె మీద తేలుతుంది.

ఆ కొంచెం ఆగడమే విద్య. పన్నెండేళ్లప్పుడు ఏడ్చి మొత్తుకుంటే అచ్చు నా చేతికిచ్చింది. దించాను, బుస వచ్చింది, గలగల వచ్చింది, ఆగలేక లాగాను. సగం పువ్వు అచ్చుకు, సగం నూనెలో.

"లాగొద్దురా అబ్బోడా" అంది అత్త. "అది దిగాల్సినప్పుడు దిగుతాది. నువ్వు పట్టుకొని ఉండు, సాలు."

విరిగిన పువ్వు పిల్లలది, అది ఆ ఇంటి చట్టం. కాబట్టి నా ఓటమి నేనే తిన్నాను.

ఆమె చేతివాటం గురించి చెప్పకుండా ముందుకు పోలేను. ఒక ఏడాది రాత్రంతా కూచుని లెక్కపెట్టాను. పువ్వులు 412. విరిగినవి ఏడు, ఆ ఏడూ మొదటి పదిలోవే, అచ్చు ఇంకా నూనె తాగని వేళవి. నాలుగు వందల పైచిలుకు పువ్వుల్లో ఒక్కటీ మాడలేదు, ఒక్కటీ తెల్లబోలేదు. దీపానికి అడ్డం పెడితే రేకు గోడలోంచి వెలుతురు కనిపించేది. ఆమె చెల్లెలు గుంతకల్లు రైల్వే కాలనీలో ఉండేది. ఆవిడది రెండచ్చుల వాటం: ఒకటి నూనెలో కాగుతుంటే ఇంకోటి పిండిలో, కుడిచెయ్యి దించుతుంటే ఎడమచెయ్యి విదిలిస్తూ, ఆ సందట్లోనే పక్కింటి పెళ్లి సంబంధం మాట్లాడుతూ. చూసినవాళ్లు తబలా వాయిస్తోందనుకునేవాళ్లు. కానీ గుంతకల్లు పువ్వులో నువ్వులుండవు, వెనిల్లా చుక్కలుంటాయి. ఆవిడ వేగాన్ని ఎంత మెచ్చుకున్నా రుచిలో నా ఓటు నల్ల నువ్వులకే. ఈ విషయంలో రాజీ లేదు.

ఈ అచ్చు మనదేనా అంటే లోకమంతా తనదే అంటుంది. స్వీడన్, నార్వేల్లో క్రిస్మస్‌కు ఇదే అచ్చుతో ఇదే పువ్వు వేస్తారు. ఇరాన్‌లో దీన్ని కిటికీ రొట్టె అంటారు, నాన్ పంజరే. కేరళ కిరస్తానీలకు అచ్చప్పం. సింహళంలో కొకిస్, అక్కడ ఏప్రిల్‌లో వచ్చే వాళ్ల కొత్త ఏడాదికి అది లేనిదే పళ్లెం నిండదు. డచ్చివాళ్లు తెచ్చారని కొందరు, పోర్చుగీసులని కొందరు వాదించుకుంటారు, వాదించుకోనివ్వండి. మా వైపుకు మాత్రం దండుతోనూ, రైలుతోనూ, మిషన్‌తోనూ వచ్చిందని పెద్దవాళ్ల మాట. 1800లో నిజాం ఈ దత్తమండలాలను కుంపిణీకి ఇచ్చేశాక బళ్లారిలో దండు దిగింది. 1810లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జాన్ హ్యాండ్స్ వచ్చి ఇక్కడే కూచుని బైబిలును కన్నడంలోకి తెచ్చే పనిలో పడ్డాడు. తర్వాత గుంతకల్లు జంక్షన్, దాని చుట్టూ ఆంగ్లో ఇండియన్ల క్వార్టర్లు. వాళ్ల రోజ్ కుకీ మన వంటింట్లో బియ్యప్పిండి, చెనిక్కాయల నూనె తాకి గులాబీ పువ్వయింది. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయి బళ్లారి మైసూరుకు పోయినప్పుడు అత్తవాళ్ల బంధువులు సగం మంది గీతకు అవతల పడ్డారు. క్రిస్మస్ డబ్బాలు మాత్రం గుంతకల్లు ప్యాసింజర్లో ఎప్పట్లా అటూ ఇటూ తిరిగాయి.

ఆ రాత్రి వంటిల్లు ఒక్కటే కాదు, ఇల్లంతా పనిలో ఉండేది. నడవాలో పిల్లలు చాప మీద గవ్వలు చేసేవాళ్లు. గుంతకల్లు పిల్లలు ఫోర్కు వీపు మీద పిండి ఉండ పెట్టి బొటనవేలితో నొక్కి చుట్టి 'కల్‌కల్' అనేవాళ్లు. మా వీధి పిల్లలు గవ్వల చెక్క మీద అదే పని చేసి గవ్వలు అనేవాళ్లు. చెక్క చాలకపోతే కొత్త దువ్వెన. ఏది ముందు పుట్టిందని ఏటా తగువే. గవ్వే ముందు, ఇందులో నాకు అనుమానం లేదు. అత్తిరసాలు, కర్జికాయలు, నిప్పట్లు అప్పటికే రెండు రోజుల ముందు చేసి డబ్బాలకెత్తేవాళ్లు. ఆ ఇంటి కర్జికాయకూ మా ఇంటి దీపావళి కర్జికాయకూ తేడా ఏమిటని మా అమ్మను అడిగితే, "వాళ్లు గసాలు ఎక్కువేస్తారు" అంది. మతభేదం గురించి మా ఇంట్లో జరిగిన చర్చ అంతే.

ముందు గదిలో మామ పశువుల పాక కట్టేవాడు. రెండు వారాల ముందే పెరుగు ముంతల్లో రాగులు చల్లి మొలకెత్తించేవాళ్లు, అది పచ్చిక. గోనెసంచి గంజిలో ముంచి మడతలు పెట్టి ఆరబెడితే కొండ. బెత్లెహేము కొండ ఎలా ఉంటుందో ఎవరు చూశారు? మామ కొండ అచ్చం బళ్లారి కోట గుట్టలా ఉండేది, ఒంటిరాయి, బోడిగా. దాని మీద సండూరు నుంచి తెచ్చిన ఎర్రమట్టి చల్లేవాడు. ముగ్గురు జ్ఞానులూ గనుల్లోంచి దిగొచ్చినవాళ్లలా ఎర్రటి కాళ్లతో నిలబడేవాళ్లు.

నక్షత్రం కూడా ఆయనదే. పది వెదురు బద్దలు, ఐదేసితో రెండు చుక్కలు. ఒకదాని మీద ఒకటి పెట్టి ఐదు కొసలు దారంతో బిగించి, లోపలి ఐదు మూలల్లో జానెడు పుల్లలు అడ్డం పెడితే చుక్క ఉబ్బి నిలబడుతుంది. దాని మీద రంగు కాగితం. అతికించేది మైదా జిగురు, అందులో చిటికెడు మైలుతుత్తం, పురుగు పట్టకుండా. ఆ చుక్కను వేపచెట్టు కొమ్మకు కట్టి లోపల నలభై క్యాండిల్ బల్బు వెలిగిస్తే వీధి చివరి మసీదు మలుపు దాకా ఎర్రటి వెలుగు పడేది.

ఇప్పుడు కేకు సంగతి. అప్పట్లో కేకు కొనేది కాదు, మోసుకుపోయేది. ఇంట్లో పిండి, గుడ్లు, వెన్న, నల్లగా కాచిన చక్కెర పాకం, నానిన ద్రాక్ష కలిపి, రేకు డబ్బాల్లో పోసి, డబ్బా మీద మేకుతో ఇంటిపేరు గీకి, 23 సాయంత్రం అయ్యంగారి బేకరీకి తీసుకెళ్లేవాళ్లం. రొట్టెలన్నీ అయ్యాక కట్టెల పొయ్యిలో మిగిలిన వేడికి ఆ డబ్బాలు లోపలికి తోసేవాడు బేకరీ పెద్దాయన. గడియారం చూసేవాడు కాదు. తలుపు దగ్గర ముక్కుపుటాలు ఎగరేసి, "కౌల్ బజారువి అయినాయి, కంటోన్మెంటువి ఇంకా కావాల" అనేవాడు. ఒకసారి కూడా తప్పలేదు. గుడ్డు ముట్టని అయ్యంగారి పేరున్న పొయ్యిలో ఊరి కిరస్తానీల కేకులన్నీ కాలేవంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. ఆ కేకంటే నాకూ ఇష్టమే.

అర్ధరాత్రి దాటాక పాటల గుంపు వచ్చేది. ముందు పెట్రోమాక్సు లైటు, వెనక హార్మోనియం మెడకు తగిలించుకున్న ఒకాయన, డోలక్, కంజీర, తాళాలు, మఫ్లర్లు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఒకరి చంకలో ఉన్నా దాన్ని విప్పగా నేను చూడలేదు, అందరికీ నోటికొచ్చు. తెలుగింటి ముందు తెలుగు పాట, రెండిళ్లు దాటాక కన్నడ పాట, దండులో పనిచేసి రిటైరయిన తమిళ ముదలియారు ఇంటి ముందు తమిళ పాట. మూడింటికీ తాళం ఒకటే. చలికి గొంతులు బిగుసుకున్నవాళ్లకు అత్త ఇంట్లో వేడివేడి ఒగ్గాణి. బొరుగులు నీళ్లలో వేసి వెంటనే పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు తాలింపులో తిప్పి, పుట్నాల పొడి చల్లి, నిమ్మకాయ పిండితే అయిదు నిమిషాల పని. పక్కన మిరపకాయ బజ్జీ. ఆ కారం మీద ఒక గులాబీ పువ్వు. బళ్లారిలో పుట్టనివాడికి ఈ మూడూ ఒక పళ్లెంలో ఎందుకున్నాయో ఎంత చెప్పినా అర్థం కాదు. తెల్లవారుజామున నాలుగింటికి వాళ్లంతా తలస్నానాలు చేసి కొత్త బట్టల్లో చర్చికి పోతుంటే మా అమ్మ వాకిట్లో ముగ్గు వేస్తూ పక్కకు జరిగి దారిచ్చేది.

మూడేళ్ల కిందట, ఊళ్లో ఒక పెద్ద అంగట్లో డిసెంబరు మొదటి వారంలోనే గులాబీ పువ్వుల ప్యాకెట్లు గుట్టలుగా పోసి ఉంటే ఆశపడి కొన్నాను. ఇంటికి తెచ్చి కవరు చించగానే నాలుగుసార్లు కాగిన నూనె కంపు. నారింజ రంగు. గోడలు వేలెడు మందం. అన్నీ ఒకే అచ్చున, ఒకే రంగున, సైన్యంలా. కొరికితే పగల్లేదు, నమిలితే నలగలేదు. కొబ్బరిపాల బదులు ఏదో సెంటు, తడిపిండి బదులు అచ్చంగా మైదా, పొంగడానికి సోడా, వేగడానికి పామాయిలు. పువ్వు పేరు పెట్టి ఎవడిని మోసం చేస్తున్నారు? ఇదివరకు తినని వాళ్లు ఇది తిని, గులాబీ పువ్వు అంటే ఇంతేనా అనుకుని పోతారే, ఆ పాపం ఎవరిది? పైగా అది ఏడాది పొడుగునా దొరుకుతుందట. మామిడిపండు పుష్యమాసంలో దొరికితే దానికి విలువుంటుందా?

అచ్చుల సంగతి ఇంకా ఘోరం. బెంగళూరు రోడ్డు పాత్రల అంగళ్లలో ఇప్పుడు వేలాడేవి అల్యూమినియం అచ్చులు. చిటికెన వేలితో ఎత్తొచ్చు. చప్పున కాగుతాయి, పిండి తాకగానే చప్పున చల్లారతాయి. పదో పువ్వుకే పిడి ఊడుతుంది. కొత్త కోడలు దాంతో రెండుసార్లు ప్రయత్నించి, పిండంతా గడ్డలై, "నాకు చేతకాదత్తా" అని పొయ్యి ఆర్పేస్తుంది. చేతకానిది ఆ పిల్లకు కాదు, ఆ రేకుకు. ఇక చుక్కలు చూడండి. ప్లాస్టిక్ చుక్క మీట నొక్కితే ఏడు రంగులు మారుతుంది, జనవరి రెండో తేదీకి మురిక్కాలువలో తేలుతుంది. కేకైతే చెప్పనే అక్కర్లేదు. వనస్పతి, రంగు నీళ్లు, రంగేసిన పచ్చి బొప్పాయి ముక్కలు. పైన ఎర్ర రిబ్బను. మోసుకెళ్లే డబ్బా పోయి మోసుకొచ్చే డబ్బా వచ్చింది, దాని మీద మన ఇంటిపేరు లేదు. నా పగ ఆ డబ్బా మీదే.

చర్చిల్లో పాటల పోటీలు పెడతారు, చుక్కల పోటీలు పెడతారు, బాగుంది. అయ్యా, అమ్మా, ఒక్క సాయంత్రం ఆవరణలో నాలుగు పొయ్యిలు వెలిగించి, ఊళ్లో మిగిలిన పెద్ద చేతులను కూచోబెట్టి, ఆడపిల్లల్నీ మగపిల్లల్నీ వరసగా నిలబెట్టి అచ్చు పట్టించరాదా? బరువైన ఇనుప అచ్చు వెతికి కొనండి. ఇత్తడైనా సరే, చేతికి బరువు తగలాలి. కొనగానే వాడొద్దు. రెండు మూడు రోజులు గంజిలో నానేసి, కడిగి తుడిచి, రాత్రంతా నూనెలో ముంచి ఉంచండి. మొదటి పది పువ్వులు పోతాయి. పోనివ్వండి. పిల్లలున్నారు కదా తినడానికి. నేనూ వస్తాను.

అత్తకు ఇప్పుడు ఎనభై దాటాయి. మామ పోయాక కొడుకు దగ్గర బెంగళూరులో ఉంటోంది, పదకొండో అంతస్తులో. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అచ్చును నూనెగుడ్డలో చుట్టి తెచ్చి మా అమ్మ చేతిలో పెట్టింది. "నీ కొడుక్కే అక్కా. వాడొక్కడే అడిగినాడు" అంది. అలా గులాబీ అచ్చు రోడ్డు దాటి మా ఇంటికొచ్చింది. ఏటా 24 రాత్రి నేనూ మా ఆవిడా పొయ్యి వెలిగిస్తాం. నాకు డెబ్బై ఎనభైకి మించి రావు, అందులో ఇరవై పిల్లల పాలు.

పోయిన ఏడాది ఆ రాత్రి అత్తకు ఫోన్ చేశాను. చూపు మందగించింది, వీడియో కాల్ వద్దంది. ఫోన్ పొయ్యి పక్కన గూట్లో పెట్టి, మాట్లాడుతూనే అచ్చు నూనెలోంచి తీసి, విదిలించి, పిండిలో ముంచి, దించాను. బుస వచ్చింది. అవతల అత్త మాట ఆపేసింది. గలగల మొదలయింది.

"అచ్చు ఇంకా కాగలేదురా అబ్బోడా" అంది.

కడ్డీ కదిపి చూశాను. పువ్వు దిగలేదు. పుల్లతో గీకి తీసి, పళ్లెంలో పిల్లల వైపు పడేసి, అచ్చును మళ్లీ నూనెలో ముంచాను. ఇద్దరం ఏమీ మాట్లాడకుండా అది కాగేదాకా ఫోన్ పట్టుకుని ఉన్నాం.